పసుపు ఆరే రోజుల్లో రాళ్లవాన

నాకు రాళ్లవాన అంటే ఇష్టం. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. మా ఊళ్లో అనగలిగే మాట కాదది. పసుపు పండించే ఇంట్లో పుట్టిన పిల్ల, ఉడకబెట్టిన పసుపు కల్లంలో ఆరే మార్చి నెలలో, ఆకాశం నుంచి మంచుగడ్డలు రాలితే చూడాలని ఆశపడుతుందంటే వినేవాళ్లు ఏమనుకుంటారు? డైరీలో కూడా ఆ ఒక్క మాట రాసేదాన్ని కాదు. ఆకాశం రంగు, గాలి దిక్కు, మబ్బు ఆకారం రాసి ఊరుకునేదాన్ని.

ఆ ఇష్టం చిన్నప్పుడే పట్టుకుంది. ఒకరోజు బడి వరండాలో నిలబడి ఉండగా రేకుల మీద చప్పుడు మొదలైంది. మైదానమంతా తెల్లటి గోళీలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఒకటి దొర్లుకుంటూ వచ్చి నా చెప్పు దగ్గర ఆగింది. తీసి చూస్తే ఉల్లిగడ్డలో ఉన్నట్టు లోపల పొరలు పొరలుగా ఉంది. ఎండకు మాడే మా నేల మీదికి అది ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాలేదు. అరచేతిలో కరిగిపోయేదాకా చూస్తూనే ఉన్నాను. ఇంటికి వెళ్లేసరికి అవ్వ గడపలో తల పట్టుకుని కూర్చుని ఉంది. మేము అమ్మను అవ్వ అనే పిలుస్తాం. బాపు కల్లం నుంచి ఇంకా రాలేదు. నా చేతిలో కరిగిందీ, మా పసుపు మీద పడిందీ ఒకటేనని అప్పుడు తెలిసింది. అయినా ఇష్టం పోలేదు. దాన్ని లోపల పెట్టుకోవడం మాత్రం నేర్చుకున్నాను.

ఇప్పుడు నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పని చేస్తూ హాస్టల్‌లో ఉంటున్నాను. వేల్పూర్ దగ్గరున్న మా ఊరికి సెలవులప్పుడు వెళ్తాను. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడను. లైబ్రరీ నుంచి మంచు దేశాల ప్రయాణాల పుస్తకాలు తెచ్చుకుని, అట్ట కనపడకుండా పాత పేపరు చుట్టి చదువుకుంటాను. చదివేటప్పుడు ఫ్యాను తిరుగుతుంటుంది, మెడ మీద చెమట కారుతుంటుంది.

ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది. వాతావరణమంటే పిచ్చి ఉన్నవాళ్లం అందులో ఉంటాం. చలికాలం వచ్చిందంటే ఎక్కడెక్కడి మంచు తుఫానుల వీడియోలో అందులోకి వస్తాయి. చెట్ల కొమ్మలు మంచు పట్టి గాజులా బిగుసుకుపోయి, ఆ బరువుకే విరిగి పడుతుంటాయి. తీగలు తెగి ఊళ్లకు ఊళ్లు కరెంటు లేక చలికి వణుకుతుంటాయి. కింద ఎవరో "అబ్బ, జీవితంలో ఒక్కసారి చూడాలి" అని రాస్తారు. కాసేపటికి "పాపం, అక్కడి జనం ఎట్లున్నారో" అని రాస్తారు. చాలాసార్లు ఆ రెండూ రాసేది ఒకే మనిషి. కొండల్లో పనిచేసే జవాను ఒకతను, మా జిల్లావాడే, అప్పుడప్పుడు మంచులో మునిగిన తన గుడారం ఫొటో పెడతాడు. అందరూ ఆహా ఓహో అంటే, "సూడనీకి మంచిగనే ఉంటది. పారతోటి తవ్వితె తెలుస్తది" అని రాస్తాడు. మళ్లీ మరుసటి రోజు ఇంకో ఫొటో ఆయనే పెడతాడు.

మాకు మంచు పడదు. మా ఆకాశం ఇచ్చే మంచు ఒక్కటే, రాళ్లు. అందుకని ఫిబ్రవరి దాటిన దగ్గర నుంచి గ్రూపంతా పడమటి మబ్బు కోసం కాచుకుని ఉంటుంది. సరిగ్గా అప్పుడే మా ఇళ్లలో పసుపు ఉడుకుతుంటుంది.

పసుపుతో ఒక చిక్కు ఉంది. ఆరుతున్న పసుపు మీద వాన పడితే నల్లబడుతుంది. పోనీ ముందే కప్పేద్దామంటే, ఉడకబెట్టే ఆవిరి డ్రమ్ములోంచి దించిన వేడి పసుపును అదే రోజు కప్పకూడదు. ఆవిరి పోయి, ఎండ తగిలి, తోలు బిగుసుకోవాలి. తొందరపడి కప్పితే కొమ్ముకు చెమట పట్టి లోపల మెత్తబడుతుంది, బూజు వాసన వస్తుంది. నిరుడు అదే జరిగింది. వాన వాన అని టీవీలో ఒకటే చెప్పడంతో బాపు వేడి మీదే టార్పాలిన్లు కప్పేశాడు. ఒక్క చినుకు పడలేదు. మార్కెట్ యార్డులో కొనేవాళ్లు కొమ్మును విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని, మాట్లాడకుండా పక్క కుప్ప దగ్గరికి వెళ్లిపోయారు. ఆ తర్వాత మా ఇంట్లో వాతావరణ వార్తలు మొదలవగానే బాపు చానల్ మార్చేస్తాడు.

ఈ మార్చిలో ఒక ఆదివారం పసుపు పని ఉందని ఊరికి వెళ్లాను. మా కల్లంలో ఒక పక్క బాగా ఎండిన పసుపు ఉంది, విరిస్తే టక్కుమంటుంది. మధ్యలో సగం ఆరినది. ఈ చివర ఆ పొద్దున దించిన పసుపు, ఇంకా పొగలు కక్కుతోంది. ఏడాది పంట మొత్తం ఆ నేల మీదే ఉంది. గట్టు అవతల కాక కల్లం. కాక బాపుకు వరసకు తమ్ముడు. ఆవిరి డ్రమ్ములు మా తర్వాత ఆయన కల్లానికి వెళ్లాయి కనుక ఆయన పసుపంతా కొత్తగా ఉడికిందే.

అన్నాలు తిని లేచాక ఫోన్ మోగింది. గ్రూపులో బోధన్ అతను వీడియో పెట్టాడు. చెరుకు తోటల మధ్య రోడ్డు తెల్లగా ఉంది. నిమ్మకాయలంత రాళ్లు తారు మీద పడి పగిలిపోతున్నాయి. వెనక అతని నవ్వు వినిపిస్తోంది, "సూడుండ్రి, సూడుండ్రి" అని. గ్రూపంతా ఒక్కసారిగా లేచింది. ఇంకా తియ్యన్నా, స్కేలు పక్కన పెట్టి తియ్యి, చేతిలో పట్టుకుని చూపించు.

నా గుండె ఎగిరింది. ముందు సంతోషంతోనే ఎగిరింది. మళ్లీ మళ్లీ చూశాను. చుట్టూ పసుపు పరుచుకుని ఉందన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది. బోధన్ మాకు పడమర. ఇలాంటి మబ్బులు ఎక్కువగా పడమర నుంచి తూర్పుకే నడుస్తాయి. రాడార్ బొమ్మ తెరిస్తే పాతది చూపిస్తోంది, కొత్తది తిరుగుతూనే ఉంది, రావడం లేదు.

బాపు దగ్గరికి వెళ్లాను. ఆయన పారతో పసుపు తిప్పుతున్నాడు.

"బాపూ, బోధన్ల రాళ్లవాన పడ్డదట."

"బోధన్ల పడితె బోధన్ల పడ్డది. మనకేంది?"

"గది ఇటే ఒస్తదేమో."

గట్టు అవతల నుంచి కాక తల ఎత్తాడు. "ఏమంటుందే అన్నా, బిడ్డె?"

"రాళ్లవాన ఒస్తదంట."

"బస్సెక్కి ఒస్తదా, రైలెక్కి ఒస్తదా అడుగు. బండేస్కపోయి స్టాండ్ల నుంచి తోల్కొస్త!"

పనిలో ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వినట్టు ముఖం పెట్టాను. అలాంటప్పుడు నాకు అంతకంటే ఏమీ చేతకాదు. బాపు మాత్రం నవ్వలేదు.

"నిరుడు గిట్లనే ఒస్తది ఒస్తదని కప్పితిమి. ఏమైందో సూస్తివి గద? మల్ల గా పని నేను చెయ్య," అని పార ఎత్తాడు.

ఆయన తప్పేమీ లేదు. నా దగ్గర ఉన్నది ఒక వీడియో. అది ఎటు కదులుతోందో తెలియకుండా కప్పమనడానికి నాకే ధైర్యం లేదు. తెలుసుకోవాలంటే ఒకటే దారి, బోధన్ అతన్ని అడగడం. గ్రూపులో చేరిన తర్వాత నేను ఒక్క ముక్క రాసింది లేదు. ముఖం తెలియని మగమనిషికి ఫోన్ చేయడం నా వల్ల అయ్యే పని కాదు. అయినా బోరు గదిలోకి వెళ్లి తలుపు దగ్గరకు వేసుకుని అతని నంబరు నొక్కాను. చేతుల పసుపు ఫోన్ అద్దం మీద అంటుకుంది.

"హలో, ఎవరు?"

పెట్టేద్దామని ఫోన్ చెవి నుంచి తీసి, మళ్లీ పెట్టుకున్నాను. మళ్లీ హలో అన్నాడు.

"నేను గ్రూపుల ఉంట. ఎప్పుడు ఏం రాయలే."

"పసుపు పువ్వు ఫొటో పెట్టుకున్న అక్కనా? అరె! ఉత్త నంబరే అనుకున్నం, యెనక మనిషి ఉన్నదనుకోలే."

"మబ్బు ఎటు దిక్కు పోయింది అన్నా? మాది వేల్పూర్ దిక్కు. పసుపు ఆరబోసి ఉంది."

అతని గొంతులో సరదా తగ్గింది. "ఉత్తరం దిక్కు ఒరిగింది అక్కా. కందకుర్తిల మా దోస్తు ఉన్నడు, ఆడ ఇంకా పెద్ద పెద్దయి పడ్డయట. గోదారి పొంటి పోతున్నట్టుంది."

"ముందు గాలి ఒచ్చిందా?"

"లేదు. ఆకు సుత కదల్లే. ఉక్కపోసింది. తర్వాత ఒక్కపారి సల్లగాలి కొట్టింది. గది తగిలినంక ఇగ ఏం చెయ్యనీకి టైం ఉండది. చేసేదుంటె ఇప్పుడే చెయ్యి."

పెట్టేసే ముందు నోరు జారింది. "వీడియోల మస్తు నవ్వుతున్నవన్నా."

"నవ్విన అక్కా. గప్పుడు నవ్విన. ఇప్పుడు తోటకాడ ఉన్న. చెరుకంత నేల మీద పండుకున్నది. బాపు గట్టు మీద కూసున్నడు, లెవ్వుమంటె లేస్తలేడు. గా వీడియో తీసేద్దామనుకున్న గని, అందరు పంచేసుకున్నరు."

బయటికి వచ్చి ఈసారి బాపుకు అడ్డంగా నిలబడ్డాను. కందకుర్తి, గోదావరి ఒడ్డు, నందిపేట, ఆర్మూర్, మనం, అన్నీ వరసగా చెప్పాను. ఆయన పడమర చూశాడు. అక్కడ ఆకాశం ఇంకా తెల్లగానే ఉంది, అంచు మాత్రం కమిలినట్టుంది.

"ఎండింది కప్పుదాం. పొద్దుగాల దించింది మాత్రం కప్ప," అన్నాడు.

అవ్వ గంప దించి అంది, "మీద కప్పితె గద చెమటెక్కేది. పసుపు మీద మంచాలేసి, మంచాల మీద టార్పాలిన్లు పరుద్దాం. కింద గాలాడుతది."

"ఇంట్ల మంచాలన్ని కల్లానికి తెస్తవా?"

"తెస్త. ఒక్క పూట నువ్వు నేల మీద పండుకుంటె ఏం కాదు."

ఇంట్లోవీ, పక్కిళ్లలోవీ మంచాలు తెచ్చి వేడి పసుపు మీద వరసగా వేశాం. వాటి మీద టార్పాలిన్లు పరిచి, అంచులకు బండలు పెట్టి, తాళ్లు మంచం కోళ్లకు బిగించాం. మిగిలిన పసుపును కుప్పలు చేసి కప్పేశాం. ఆ పని అవుతుండగా గట్టు దాకా వెళ్లాను.

"కాకా, నీది సుత..."

"నా దగ్గర గన్ని మంచాలు యాడియి బిడ్డా? అత్తగారోళ్లు ఒక్కటే ఇచ్చిండ్రు!"

మళ్లీ నవ్వులు. నిజంగానే ఒస్తది కాకా, అని ఒర్రాలి, అరిచైనా చెప్పాలి. నోటిదాకా వచ్చింది. ఆయన అప్పటికే పసుపు వైపు తిరిగిపోయాడు. నేను వెనక్కి వచ్చేశాను.

అంతా కప్పి కూర్చున్నాం. ఏమీ జరగలేదు. ఉక్కపోత ఎక్కువైంది. మంచాల కింద నుంచి పసుపు ఆవిరి ముక్కుకు ఘాటుగా తగులుతోంది. బాపు వంగి కింద చెయ్యి పెట్టి చూసి, చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. తడి మరక పడింది. అప్పుడే గ్రూపులో నిజామాబాద్ నుంచి ఒకతను రాశాడు, "టౌన్‌లో నాలుగు చినుకులు, అంతే. షో అయిపోయింది, ఇంటికి పోండి." కింద వరసగా ఏడుపు బొమ్మలు. రాళ్లు పడలేదని అందరికీ బాధ. నా భుజం మీదుగా అవ్వ ఆ ముక్క చదివి బాపుకు చెప్పేసింది.

"అయిపాయె!" అని కాక కేక పెట్టాడు. "రైలు రద్దయినట్టుందన్నా, ఇగ దింపు మంచాలు!"

బాపు లేచి తాడు ముడి మీద చెయ్యి వేశాడు. నేను వెళ్లి ఆ చేతిని పట్టుకున్నాను. పెద్దయ్యాక బాపు చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి అనుకుంటాను.

"తియ్యకు బాపూ."

"టౌనుల ఏం లేదంటుండ్రు గద."

"టౌను మీద నుంచి ఒస్తలేదది. గోదారి పొంటి ఒస్తుంది. టౌనుకు తెల్వది."

"రాకపోతె?"

రాకపోతే నిరుటి వాసనే మళ్లీ, ఈసారి నా మాట మీద. ఆయన ముడి మీద నుంచి చెయ్యి తియ్యలేదు, విప్పనూ లేదు. పడమర ఆకాశం అడుగున ఆకుపచ్చ రంగు తిరుగుతోంది. పుస్తకాల్లో చదివిన రంగు. అది చూసి నా ఒళ్లు జలదరించింది. రావాలి, రావాలి అని లోపల ఒకటే మాట. నా మాట నిలబడాలని వచ్చిన కోరికా, బాపు పంట దక్కాలని వచ్చిన కోరికా, ఊరికే దాన్ని చూడాలన్న పాత ఆశా, విడదీయలేకపోయాను. అది వస్తే గట్టు అవతల ఏమవుతుందో ఎదురుగా కనిపిస్తూనే ఉంది. అయినా రావాలనే అనుకున్నాను.

చెంపకు చల్లగాలి తగిలింది. ఫ్రిజ్ తలుపు తెరిచినట్టు, ఒక్కసారే.

"ట్రాలీ కిందికి ఉరుకుండ్రి!" అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది. బాపు మారు మాట్లాడకుండా అవ్వను లాక్కుని ట్రాక్టర్ ట్రాలీ కిందికి దూరాడు, పనిలో ఉన్నవాళ్లూ నేనూ వెనకే. మొదటి రాయి టార్పాలిన్ మీద పడి చెంగున ఎగిరింది. తర్వాత ఒకటి, మరొకటి. ఆ తర్వాత చప్పుడొక్కటే మిగిలింది, పక్క మనిషి అరిచినా వినపడనంత. కల్లమంతా తెల్లగా ఎగురుతోంది. మంచాల మీద టార్పాలిన్లు గుంటలు పడి ఆ గుంటల్లో మంచు నిండుతోంది. ఇంత దగ్గరగా, ఇంత పెద్దగా నేనెప్పుడూ చూడలేదు. నా నోరు తెరుచుకుని ఉందని, నేను నవ్వుతున్నానని, బాపు నా ముఖం వైపు చూసినప్పుడు గాని తెలియలేదు.

ట్రాలీ చక్రాల మధ్య నుంచి కాక కనిపించాడు. కల్లం మధ్యలో వంగి, గోనె సంచులు విప్పి పసుపు మీద వేస్తున్నాడు. గాలికి అవి లేచిపోతున్నాయి. తలకు చుట్టుకున్న తువ్వాలు కూడా విప్పి పరిచాడు. అంత పసుపు మీద తువ్వాలు! రాళ్లు ఆయన వీపు మీద పడుతుంటే ఒంటిని ఇంకా వంచి, తన నీడలో ఉన్న ఆ కాస్త పసుపునైనా కాపాడాలని చూస్తున్నాడు.

మా దగ్గర ఒక టార్పాలిన్ మిగిలి ఉంది. దాన్ని లాక్కుని పరిగెత్తాను. అవ్వ వెనక నుంచి ఏదో అరిచింది. గట్టు ఎక్కేలోపే మోచేతి మీద రాయి తగిలి చెయ్యి మొద్దుబారింది. టార్పాలిన్ గాలికి చేజారి ఎక్కడికో పోయింది. నేను కాక దగ్గరికి చేరి సంచి అంచు పట్టుకున్నాను. ఇద్దరం చెరోవైపు పట్టుకుని పసుపు మీద వంగి ఉండిపోయాం. ఆయన నన్ను చూడలేదు. ఇక కప్పేదేమీ లేదని ఇద్దరికీ తెలుసు. అయినా వదల్లేదు.

ఆగేటప్పుడు కూడా ఒక్కసారిగానే ఆగింది. ఎండ వచ్చింది. కాక పసుపు మీద జానెడు మంచు. అడుగున పసుపు రంగు ఎక్కి, ఆ మంచు తేనె రంగులో మెరుస్తోంది. నా జీవితంలో చూసిన వాటిలో అంత అందమైనది ఇంకోటి లేదు. ఆ మాట అప్పుడే తోచింది, చూపు తిప్పుకుని గంప అందుకున్నాను.

అందరం గంపలతో మంచు ఎత్తి పొయ్యడం మొదలుపెట్టాం. వేళ్లు కొంకర్లు పోతున్నాయి. మా వైపు పసుపు అంచుల్లో కాస్త తడిసింది, మిగతాది బాగానే ఉంది. కాకది అడుగు దాకా నానిపోయింది. మళ్లీ ఆరబోసినా ఆ రంగు రాదని మంచు ఎత్తే ప్రతి మనిషికీ తెలుసు. జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. "వేల్పూర్ దిక్కు ఎవరైనా ఉన్నారా? రాడార్‌లో ఎర్రగా ఉంది. ఫొటోలు పెట్టండి ప్లీజ్!" నేను మొదటిసారి గ్రూపులో రాశాను, "పడ్డది. పసుపు తడిసింది." ఫొటో పెట్టలేదు. తర్వాత బోధన్ అన్న ఒక్కడే దండం బొమ్మ పెట్టాడు.

బాపు మా మంచాలు రెండు ఎత్తుకొచ్చి కాక కల్లంలో వేసి, తడిసిన కొమ్ముల్ని వాటి మీద పరచడం మొదలుపెట్టాడు. పొద్దు వాలాక నేను గంప దించి ఇంటికి బయలుదేరాను. కాక గట్టు మీద కూర్చుని ఉన్నాడు. తువ్వాలు పిండుతుంటే పచ్చటి నీళ్లు కారుతున్నాయి. ఏదో ఒకటి అనాలి. కానీ తల వంచుకుని దాటబోయాను.

"బిడ్డా," అన్నాడు.

ఆగాను. మళ్లీ ఏదైనా హాస్యమాడతాడేమో అనుకున్నాను, ఆడితే బాగుండుననీ అనుకున్నాను. ఆయన తువ్వాలు ఇంకోసారి పిండి, నా ముఖంలోకి చూశాడు.

"మల్లెప్పుడన్న గిట్ల ఒస్తదని నీకెర్కైతె, గట్టిగ ఒర్రు. నేను నవ్వినా సుత ఒర్రు."